పెరటి కంచె: మొదలు చూసి మార్చాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్ళి చూస్తే, మా వెనకవైపు కంచెలో ఏడు సిమెంటు స్తంభాలు వరసగా ఒకే దిక్కుకు పడి ఉన్నాయి. ఊరంతా చెట్లు కూలినరోజు కంచె పడటం వింతేమీ కాదు. కానీ అవి విరిగిన తీరు చూసి నిలబడిపోయాను. ఏడింటికి ఏడూ నేల మట్టానికే విరిగాయి. పైన నాలుగడుగుల స్తంభం చెక్కుచెదరలేదు. మట్టిలో ఉండిపోయిన ముక్కల్ని తవ్వి తీయిస్తే అవీ గట్టిగానే ఉన్నాయి. మధ్యన జానెడు మేర మాత్రం లోపలి ఊచ ఎర్రపొడిగా రాలిపోయింది. ఆ వేసవిలోనే ఆ కంచెకు సున్నం కొట్టించాను. తెల్లగా కనబడుతోంది కాబట్టి ఇంకో పదేళ్ళు చూసుకోనక్కర్లేదని అనుకున్నాను.

అప్పటినుంచి ఎక్కడ కంచె కనిపించినా వంగి దాని మొదలు చూడటం నాకు అలవాటైంది. కోనసీమ తాటాకు దడుల దగ్గర, తెలంగాణ రాతి కడీల దగ్గర, డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంటి చెక్క కంచె దగ్గర అదే పని చేశాను. కంచెలు కట్టేవాళ్ళని అడిగాను. కలప గురించి, కాంక్రీటు గురించి తెలిసినవాళ్ళు రాసింది చదివాను. పాత కంచెను ఎప్పుడు మార్చాలని అడిగితే ఎక్కువమంది వయసు చెబుతారు: చెక్కకు ఇన్నేళ్ళు, సిమెంటుకు ఇన్నేళ్ళు అని. ఇంకొందరు రూపు చెబుతారు: రంగు పోయింది, పాతబడింది అని. ఈ రెండు కొలతలూ మనల్ని మోసం చేస్తాయి. చూడాల్సింది నేలకు జానెడు పైన, జానెడు కింద. అక్కడ గట్టిగా ఉంటే పైన ఏం పాడైనా బాగుచేసుకోవచ్చు. అక్కడ పోయాక పైన పెట్టే ప్రతి రూపాయీ వృథా.

దీనికి కారణం ఉంది. గాలి కంచె నిలువునా తగులుతుంది గానీ, స్తంభం మీద వంపు ఒత్తిడి ఎక్కువగా పడేది నేల మట్టం దగ్గరే. కంచె ఎత్తు రెట్టింపు చేస్తే గాలికి ఎదురు నిలిచే మేర రెట్టింపవుతుంది, ఆ గాలి తోపు నేలనుంచి ఉండే దూరమూ రెట్టింపవుతుంది. అంటే మొదట్లో పడే ఒత్తిడి నాలుగు రెట్లు. మూడడుగుల దడికి చాలిన గుంజ ఆరడుగుల దడికి చాలకపోవడం ఇందుకే. ఇక కుళ్ళు సంగతి. కలపను తినే బూజుకు తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. కలపలో తేమ 20 శాతం దాటకుండా ఉంటే దానికి ఎదుగుదల లేదు. నేలకు బాగా పైన కర్ర ఆరిపోతుంది. బాగా లోతున తడి ఉన్నా గాలి చాలదు. రెండూ సరిపడా దొరికేది నేల మట్టం చుట్టూనే. చెదలు ఎక్కేదీ అక్కడినుంచే. ఇనుము తుప్పు పట్టడానికీ నీరూ గాలీ రెండూ కావాలి కనుక దాని కథా ఇంతే. ఒత్తిడి ఎక్కువ పడే చోటే సరుకు ముందు పాడవుతుంది. ఏ రకం కంచె తీసుకున్నా చివరికి ఈ చిక్కు దగ్గరికే వస్తాం.

కలపతోనే మొదలుపెడతాను. ఏ కర్ర నేలలో ఎన్నాళ్ళు నిలుస్తుందో మన దేశంలో ఎంతో ఓపికగా కొలిచి చూశారు. 1906లో ఏర్పడిన దేహ్రాదూన్ అటవీ పరిశోధన సంస్థలో రకరకాల కలప ముక్కల్ని రెండడుగుల పొడవుకు కోసి, సగం మట్టిలో పాతి, ఏ ముక్క ఎన్ని నెలలకు పాడైందో రాసుకున్నారు. ఆ లెక్కల మీదే కలపను మూడు తరగతులు చేశారు. సగటున 120 నెలలు, అంటే పదేళ్ళు, ఆపైన నిలిచేది మొదటి తరగతి. 60 నుంచి 120 నెలలు నిలిచేది రెండోది. 60 నెలలు కూడా నిలవనిది మూడోది. టేకు మొదటి తరగతిలో ఉంది, మామిడి మూడోదానిలో. అయితే ఈ లెక్కంతా చేవకే వర్తిస్తుంది. టేకు చెట్టుదైనా సరే, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ శక్తి లేదు. 'టేకు గుంజలు' అని కొన్న సన్న కర్రలు మూడేళ్ళకే పోయాయని ఎవరైనా బాధపడితే, ఆ కర్రల్లో చేవ ఎంతుందో ముందు చూడాలి. లేత చెట్టు కొట్టి చేసిన గుంజలో దాదాపు అంతా తెల్లచెక్కే.

కోస్తాలో పెరటి దడికి సరుగుడు గుంజలే ఎక్కువ. మందు పట్టించని సరుగుడు కర్ర చెదపురుగు ఉన్న నేలలో రెండు మూడేళ్ళకు మించి నిలవదు. కట్టేవాళ్ళకు ఇది తెలియక కాదు. దడి అంటేనే ఏటా ముట్టుకోవాల్సిన వస్తువని వాళ్ళ లెక్క. తాటాకో కొబ్బరాకో వేసవిలో మారుస్తారు. మార్చేటప్పుడు ప్రతి గుంజనూ పట్టుకుని ఊపి చూస్తారు. ఊగినదాన్ని పీకి, కుళ్ళిన మొదలు నరికేసి, మిగిలిన కర్రను పొట్టి గుంజగా ఇంకోచోట పాతుతారు, లేదా పాదుకు ఊతగా పెడతారు. ఈ పద్ధతిలో దడి మొత్తం ఎప్పుడూ పాతబడదు, మొత్తం ఎప్పుడూ కొత్తదీ కాదు. మార్చాలా వద్దా అన్న ప్రశ్న ఏడాదికోసారి గుంజ గుంజకూ విడిగా తేలిపోతుంది. ఇంతకన్నా తెలివైన పద్ధతి నాకు ఇంకెక్కడా కనబడలేదు. దానికి కావలసింది ఆకు, కర్ర, ఏటా నాలుగు రోజుల మనిషిపని. ఇవి మూడూ చౌకగా దొరికినన్నాళ్ళు దడి బతికింది.

ఎండుకంప కంచె ఎంత పని పెడుతుందో చెప్పడానికి పందొమ్మిదో శతాబ్దపు ఉదాహరణ ఒకటి ఉంది. ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టకుండా బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర, మధ్య భారతాల మీదుగా సుంకం గీత వెంబడి వందల మైళ్ళు ముళ్ళకంచె వేసింది. కొంతమేర పెంచిన కంచె, కొంతమేర నరికి పేర్చిన ఎండుకంప. దాన్ని కొన్నేళ్ళు చూసుకున్న అధికారి ఏ.ఓ. హ్యూమ్, తర్వాత 1885లో కాంగ్రెస్ స్థాపనలో ముందున్నవాడు. ఎండుకంప కంచెకు మైలుకు 250 టన్నుల కంప పడుతుందని ఆయన లెక్కగట్టాడు. చెదలకూ గాలివానకూ నిప్పుకూ పోయి ఏటా అందులో సుమారు సగం మళ్ళీ వేయాల్సి వచ్చేది. ఎండుకంప మానేసి బతికి ఉండే కంచె పెంచాలని ఆయన పట్టుబట్టడానికి అదొక కారణం. 1879లో ఆ సుంకం గీతే ఎత్తేశారు.

బతికి ఉన్న కంచెకు నేల మట్టం చిక్కు ఉండదు. దాని బలమే అక్కడినుంచి వస్తుంది. గోరింట, వాక్కాయ, గచ్చ, సీమచింత, బొమ్మజెముడు మన పెరళ్ళకు పాత కాపలాదార్లు. మునగ కొమ్మ, గంగరావి కొమ్మ, గ్లైరిసిడియా కొమ్మ తొలకరిలో పాతితే చాలావరకు నాటుకుంటాయి. వాటికి తీగ బిగిస్తే కుళ్ళని గుంజలు సిద్ధం. వీటిని 'మార్చే' పనే రాదు. కింద బోసిపోయి కుక్కలు దూరే సందులు పడితే గోరింటనూ సీమచింతనూ వానలకు ముందు మోకాలెత్తుకు నరికేస్తే మళ్ళీ మొదట్లోంచి ఒత్తుగా చిగురిస్తాయి. చచ్చిన మొక్కల చోట కొత్తవి పెట్టుకోవాలి. జీవకంచెకు అపాయం వయసు వల్ల కాదు, ఒకే జాతిని నమ్ముకోవడం వల్ల. దక్షిణాదిలో ఒకప్పుడు ఎక్కడ చూసినా ఉండే నాగజెముడు, దాన్ని తినే కోచినీల్ పురుగును 1926లో తెచ్చి వదిలాక చాలాచోట్ల పలచబడిపోయింది. కలుపుగా చూసినవాళ్ళకు అది మేలే, కంచెగా వాడుకున్నవాళ్ళకు మాత్రం కాపలా పోయింది. అందుకే రెండు మూడు జాతులు కలిపి వేయమంటాను. ఒక అడ్డంకి మాత్రం ఉంది: జీవకంచె రెండు మూడు అడుగుల వెడల్పు తింటుంది. రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నవాడికి ఆ మాట చెప్పలేం.

కలపకు మందు పట్టించి ఆయుష్షు పెంచే విద్యలో ఒక పేరు మనం గుర్తుంచుకోవాలి. 1933లో దేహ్రాదూన్ సంస్థలోనే పనిచేస్తున్న సొంఠి కామేశం అనే శాస్త్రవేత్త రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపి కలపకు ఎక్కించే మందు కనిపెట్టాడు. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదలను ఆపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కర్రలోనే పట్టి ఉంచుతుంది. ఇంగ్లీషులో సీసీఏ అని పిలిచే ఈ మందు దశాబ్దాల పాటు ప్రపంచమంతా స్తంభాలకూ కంచెలకూ వాడారు. అమెరికా పెరళ్ళలో పచ్చఛాయ ఉన్న పాత కంచె గుంజలు చాలావరకు ఇదే మందు తాగినవి. ఆర్సెనిక్ భయంతో 2003 చివరికి అక్కడ ఇళ్ళ అవసరాలకు దాన్ని ఆపేశారు. ఇప్పుడు రాగి ఎక్కువగా ఉండే వేరే మందులు వాడుతున్నారు. ఆ రాగికి మామూలు మేకులు తొందరగా తుప్పుపడతాయి. కాబట్టి దళసరిగా జింకుపూత వేసినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో కొట్టాలి. పాత సీసీఏ కర్ర పీకేసినవాళ్ళు దాన్ని చలిమంటకు గానీ పొయ్యిలోకి గానీ వాడకూడదు. బూడిదలో ఆర్సెనిక్ మిగులుతుంది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి అక్కడి తెలుగు ఇళ్ళ సంగతి కూడా చెప్పాలి. టెక్సస్‌లో స్థిరపడిన మనవాళ్ళకు పెరటి చెక్క కంచె పెద్ద ఖర్చే. ఆరడుగులో ఎనిమిదడుగులో ఎత్తు, సుమారు ఎనిమిదడుగులకో గుంజ, మధ్యన సెడార్ పలకలు. వెస్టర్న్ రెడ్ సెడార్ అని పిలిచే ఆ కలప నిజానికి దేవదారు కుటుంబానిది కాదు, సైప్రస్ కుటుంబానిది. చేవ మంచిదే. ఎండకు రెండేళ్ళలో బూడిదరంగుకు తిరుగుతుంది. మా అమ్మాయి ఆ రంగు చూసే కంచె అయిపోయిందనుకుంది. ఎండ తగిలే పైపొర మాత్రమే అలా మారుతుంది, లోపల కర్ర అలాగే ఉంటుంది. ఎండావానకు మెత్తటి కలపల పైపొర అరిగేది వందేళ్ళకు పావంగుళం లెక్కన. బూడిదరంగు కుళ్ళు కాదు.

అక్కడ అసలు చిక్కు నేలది. డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టి మన నల్లరేగడికి దగ్గర చుట్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని నోళ్ళు తెరుస్తుంది. ఏటా ఇలా కదిలే నేలలో తక్కువ లోతున పాతిన గుంజ ఒరిగిపోతుంది. దానికి తోడు పచ్చిక మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు రోజూ గుంజ మొదలునే తడుపుతుంటాయి. మా అమ్మాయి ఇంట్లో పలకలన్నీ బాగున్నాయి, పద్నాలుగు గుంజల్లో ఆరు నేల మట్టానికి మెత్తబడ్డాయి. కంచె మొత్తం మార్చాలని ఇద్దరు కాంట్రాక్టర్లు చెప్పారు. మూడో ఆయన జింకుపూత ఇనుప గుంజలు లోతుగా పాతి, పాత పలకల్నే వాటికి బిగించాడు. ఆ మూడో పద్ధతే నేను చెప్పేదానికి ఆచరణ. అక్కడ తవ్వే ముందు 811కి ఫోన్ చేసి భూమిలోని గ్యాస్ గొట్టాల, కరెంటు తీగల గుర్తులు వేయించుకోవడం చట్టం ప్రకారం తప్పనిసరి, ఉచితం కూడా. ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) ఉన్న కాలనీల్లో ఎత్తుకూ రంగుకూ ముందు అనుమతి కావాలి.

మళ్ళీ మన ఊళ్ళకు వస్తాను. ఇప్పుడు మన పెరళ్ళలో ఎక్కువగా కనబడేది సిమెంటు స్తంభాలు, వాటికి ముళ్ళతీగ లేదా చైన్‌లింక్ జాలీ. మంచి కాంక్రీటులో ఉండే క్షారగుణం ఊచకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోపలికి పాకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. సముద్రం దగ్గర ఉప్పు ఇంకా తొందరగా ఊచకున్న ఆ కాపుదలను చెడగొడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కనీసం రెండింతలు. ఆ ఉబ్బుకు కాంక్రీటు లోపలినుంచి చీలుతుంది. అందుకే సిమెంటు స్తంభంలో భయపడాల్సింది నిలువు చీలికకు, ముఖ్యంగా ఊచ వెంబడి మొదట్లో కనబడే చీలికకు. అడ్డంగా కనబడే సన్నగీతలు చాలావరకు దింపేటప్పుడు పడినవి. చౌక స్తంభాల్లో ఊచ మీద అరంగుళం కాంక్రీటు కూడా ఉండదు. పోసిన మర్నాడే అచ్చులోంచి తీసి ఎండలో పడేస్తారు, నీళ్ళు పెట్టరు. అలాంటిది పదిహేనేళ్ళకే చీలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. సరిగా పోసి, వారం పదిరోజులు నీళ్ళు పెట్టి ఆరనిచ్చిన స్తంభం అంతకు రెట్టింపు నిలవడం నేను చూశాను. కొనేటప్పుడు విరిగిన ముక్క ఒకటి చూపించమని అడగండి. ఊచ ఎంత లోపల ఉందో అందులో తెలుస్తుంది.

తీగ విషయంలో చూపు చాలు. 1874లో అమెరికాలో జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు పొందిన ముళ్ళతీగ ఇప్పటికీ దాదాపు అదే రూపంలో వస్తోంది. జింకుపూత తనే ముందు కరిగిపోతూ లోపలి ఇనుమును కాపాడుతుంది. తెల్లపొడి కనబడితే పూత పని చేస్తోందని అర్థం. ఎర్రమరక కనబడితే పూత అయిపోయింది. జాలీలో ముందు పోయేది మట్టికి ఆనిన కింది వరసే. వేసేటప్పుడే రెండంగుళాలు పైకి కడితే ఆ సమస్య చాలావరకు తప్పుతుంది. తీగ పోయినంత మాత్రాన కంచె పోయినట్టు కాదు, తీగ మార్చడం ఒక్కపూట పని.

మా కంచె విషయంలో నేను చేసిన ఇంకో తప్పు పెరటి తోటమాలులందరికీ పనికొస్తుంది. జాలీ మీదికి దొండపాదు, సన్నజాజి పాకించాను. చూడముచ్చటగా ఉండేది. గాలి దూసుకుపోవాల్సిన జాలీ ఆకులతో గోడలా మారింది. పాదుకు పోసే నీళ్ళతో స్తంభాల మొదళ్ళు ఏడాది పొడుగునా తడిగా ఉండేవి. పడిన ఏడు స్తంభాలూ ఆ పాదుల కిందవే. పాదు లేనివైపు స్తంభాలు అదే వయసువి, అదే లారీలో వచ్చినవి, ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

రాతి కడీ గురించి చెప్పాల్సింది తక్కువ. తెలంగాణలో కడీలంటారు, రాయలసీమలో కూసాలంటారు. గ్రానైటుకు కుళ్ళూ లేదు, తుప్పూ లేదు. ఒరిగితే తవ్వి నిలబెట్టాలి, విరిగితే ఆ ఒక్కదాన్నే మార్చాలి. కడప, తాండూరు వైపు బండల్నే వరసగా నిలబెట్టి చేసిన కంచెలు కూడా అంతే. బరువెక్కువ, మోత ఖర్చెక్కువ. కానీ క్వారీ దగ్గరున్న ఊళ్ళలో కొత్త కంచె వేయబోతూ సిమెంటు స్తంభాలు కొనేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. అక్కడ రాయిని మించింది లేదు.

ప్రహరీగోడ వేరే సంగతి, ఎందుకంటే అది పడితే మనుషులు పోతారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు కొత్తగా కట్టిన గోడ వానకు నాని, క్యూలో ఉన్న భక్తుల మీద కూలి ఏడుగురు చనిపోయారు. వయసు కొలత కాదని చెప్పడానికి ఇంతకన్నా విషాదమైన రుజువు అక్కర్లేదు. పెరటి ప్రహరీలకు మన పట్టణాల్లో వచ్చే ముప్పు ఇలా ఉంటుంది. ఒకప్పుడు రెండువైపులా నేల సమానంగా ఉండగా నాలుగున్నర అంగుళాల గోడ కట్టారు. తర్వాత పక్కవాళ్ళు స్థలం ఎత్తు చేసుకుని మట్టి పోశారు. లేదా రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ వీధి ఎత్తు పెరిగింది. సరిహద్దు చూపడానికి కట్టిన గోడ ఇప్పుడు మట్టిని ఆపే గోడయింది. ఆ పనికి దాన్ని కట్టలేదు. వాన పడితే తడిసిన మట్టి బరువు, నీటి ఒత్తిడి కలిసి దాన్ని తోస్తాయి. నీళ్ళు బయటికి పోవడానికి కన్నాలు కూడా ఉండవు. ఇలాంటి గోడ ఒరగడం మొదలైతే బాగుచేయడం గురించి ఆలోచించవద్దు. దించేయాలి, ఆ పనికి తగ్గ గోడను ఇంజనీరు చేత గీయించి కట్టించాలి.

మట్టి ఒత్తిడి లేని ప్రహరీలో పగుళ్ళు కనబడితే తొందరపడనక్కర్లేదు. నల్లరేగడిలో వేసవికి తెరుచుకుని వానాకాలానికి మూసుకునే పగులు సాధారణం. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. రెండు వానాకాలాలు దాటినా గీత దాటకపోతే పూడ్చుకోవచ్చు. దాటితే, లేదా మేస్త్రి తూకం గుండు వేలాడదీసినప్పుడు వాలు ఏటికేడు పెరిగితే, ఆ గోడకు రోజులు దగ్గరపడ్డాయి. కింద అడుగు మేర గచ్చు పెచ్చులూడి తెల్లటి ఉప్పు పట్టడం చెమ్మ లక్షణం. పైకి గచ్చు చేసి దాన్ని దాచితే చెమ్మ ఇంకో అడుగు పైకెక్కుతుంది.

ఇక అసలు పరీక్ష. కావలసినవి ఒక గునపం, ఒక స్క్రూడ్రైవరు, ఒక పూట సమయం. ప్రతి స్తంభం చుట్టూ జానెడు లోతు మట్టి తీయాలి. కర్రయితే స్క్రూడ్రైవరుతో మొదట్లో గట్టిగా పొడవాలి. అర అంగుళం సులువుగా దిగిపోతే ఆ గుంజ అయిపోయినట్టే. చెద మట్టిగొట్టాలున్నాయేమో చూడాలి. సిమెంటుదైతే నిలువు చీలిక, తుప్పు మరక చూడాలి, రాయితో తట్టి వినాలి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయినది బోలుగా పలుకుతుంది. తర్వాత భుజం ఎత్తున పట్టుకుని ఊపాలి. స్తంభం మట్టిలో కదిలితే పాతడం సరిలేదు, మళ్ళీ దిమ్మిస పెట్టొచ్చు. మట్టి కదలకుండా స్తంభమే మొదట్లో వంగితే దాన్ని మార్చాలి. ఈ రెంటి తేడా తెలియక గట్టి స్తంభాలు పారేసినవాళ్ళున్నారు, పోయిన స్తంభానికి చుట్టూ సిమెంటు పోసి సంతృప్తి పడినవాళ్ళూ ఉన్నారు.

ఎనభై అడుగుల కంచెకు ఎనిమిదడుగుల దూరంలో పదకొండు స్తంభాలుంటాయి. అందులో ఒకటో రెండో, అక్కడక్కడ పోతే వాటినే మార్చండి. నాలుగు పోతే, లేదా మూడు వరసగా పోతే, ఆ వరస మొత్తం మార్చడం మేలని నా అనుభవం. మిగిలినవి కూడా ఆ వయసువే, ఆ నేలలోవే, వాటి వంతూ దగ్గర్లోనే ఉంటుంది. పైగా కూలి, తవ్వకం, తీగ విప్పి కట్టడం ఒక్కసారితో పోతాయి. మూల స్తంభాన్నీ గేటు స్తంభాన్నీ ఈ లెక్కలో కలపొద్దు. తీగ లాగుడంతా మోసేవి అవి. మూల ఒక్కటి మెత్తబడ్డా ఆ పక్క కంచె అంతా వదులవుతుంది. డబ్బు చూసుకోవాల్సివస్తే పోయిన స్తంభం పక్కన ఇనుప యాంగిల్ లోతుగా పాతి బోల్టులతో బిగించడం కొన్నేళ్ళకు పనికొచ్చే ఊతం. దాన్ని ఊతంగానే చూడాలి.

పక్కింటివాళ్ళ సంగతి చెప్పకపోతే ఈ ప్రశ్న సగమే. హుద్‌హుద్ తర్వాత మిగిలిన కంచె కూడా మార్చాలని నేనంటే, మా పక్కింటాయన ఒప్పుకోలేదు. "బాగానే ఉంది కదా మాస్టారూ, పడిపోయినవి వేయించుకుంటే సరిపోదూ?" అన్నారు. వాదించలేదు. "ఒక్కసారి ఇటు రండి, ఈ మొదలు చూడండి" అని మట్టి తీసి చూపించాను. ఆయనే స్క్రూడ్రైవరుతో చీలిక గీకి, రాలిన తుప్పు చేతిలో పట్టుకుని చూశారు. పాదులున్నవైపు మాత్రమే మార్చుదామని ఇద్దరం అనుకున్నాం, సగం ఖర్చు ఆయన పెట్టుకున్నారు. కాలిఫోర్నియాలో 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం ఉమ్మడి కంచె ఖర్చు ఇరువైపులా సమానమని భావిస్తుంది, పని మొదలుపెట్టే ముందు 30 రోజుల లిఖిత నోటీసు ఇవ్వమంటుంది. మనకు అలాంటి ఏర్పాటు లేదు, మాటతోనే నడవాలి. మాటకు ముందు మొదలు చూపించండి.

పాత కంచె ఇంకో పని కూడా చేస్తుంది: హద్దుకు సాక్ష్యం. దాన్ని పీకేసి, కొత్తది పని సులువు కోసం అడుగు లోపలికో బయటికో వేస్తే, ఆ అడుగు పిల్లల కాలానికి తగువవుతుంది. ఆక్రమణలో ఉన్న స్థలాన్ని తిరిగి ఇప్పించమని దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం 12 ఏళ్ళ గడువే ఇచ్చింది. అందుకని పీకే ముందు ఇంటి మూల, బావి వంటి కదలని గుర్తులనుంచి కంచె దూరం కొలిచి రాసుకోవాలి. ఫొటోలు తీసి, కాగితం మీద ఇద్దరూ సంతకం చేయాలి. అనుమానముంటే ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్-లైన్ అర్జీ పెట్టి మండల సర్వేయరు చేత హద్దు కొలిపించుకోవచ్చు. తెలంగాణలోనూ సర్వేయరు చేత కొలిపించుకునే వీలుంది. పాత మొదళ్ళను కొత్త స్తంభాలకు దారం కట్టేవరకు పీకవద్దు.

కొత్తది పాతేటప్పుడు మొత్తం పొడవులో మూడో వంతు నేలలోకి పోవాలి, నల్లరేగడిలో ఇంకా లోతుగా పాతినా మంచిదే. గుంత అడుగున కంకర వేయండి. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే దాని పైభాగం నేలకన్నా కొంచెం ఎత్తుగా, బయటికి వాలుగా ఉండాలి. గిన్నెలా పల్లంగా వదిలితే అందులో నిలిచిన నీళ్ళు కొత్త స్తంభాన్ని పాతదానికన్నా ముందే తినేస్తాయి. పాదులు అడుగున్నర దూరంగా పెట్టండి.

మృగశిర కార్తె జూన్ మొదటివారం దాటగానే వస్తుంది. కోస్తా తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. ఈ రెంటికీ ముందు ఒక ఆదివారం పొద్దున గునపం పట్టుకుని మీ పెరటి కంచె చుట్టూ తిరగండి. వీధి పిల్లలు ఆడుకునే వైపు, బడికి వెళ్ళే దారి వైపు గోడ ఒరిగి ఉంటే మిగతావన్నీ ఆపి దాన్ని ముందు దించేయించండి.